కిజి కొయ్య చర్చి: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు

రష్యా ఉత్తర భాగంలో ఒనెగా సరస్సు మధ్య నిలబడ్డ కిజి చర్చి ఫొటో అప్పుడప్పుడూ మన ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. "ఒక్క మేకు లేకుండా కట్టిన అద్భుతం" అని కింద రాసి ఉంటుంది. ఆ ఫొటో చూసినవాళ్ళు అడిగే సందేహాలు ఎప్పుడూ దాదాపు అవే. మేకుల మాట దగ్గరే ఆగిపోతే ఆ వడ్రంగుల అసలు తెలివి మనకు కనబడకుండా పోతుందన్న బాధతో ఇవన్నీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న కావాలంటే అక్కణ్ణుంచే చదువుకోవచ్చు.

## ముందుగా తెలియాల్సినవి

కిజి అంటే ఊరి పేరా, చర్చి పేరా?

ద్వీపం పేరు. పొడవు సుమారు ఆరు కిలోమీటర్లు, వెడల్పు చాలాచోట్ల కిలోమీటరు కూడా ఉండదు. కరేలియా రిపబ్లిక్ రాజధాని పెత్రోజవోద్స్క్ నుంచి నీటి మీద 68 కిలోమీటర్ల దూరం. ఒనెగాను సరస్సు అంటారు గానీ, ఒడ్డున నిలబడితే సముద్రంలాగే ఉంటుంది. ఐరోపాలో లదోగా తర్వాత అంత పెద్ద సరస్సు ఇదే. వెప్స్, కరేలియన్ భాషల్లో 'ఆటలు' అనే అర్థమున్న మాట నుంచి కిజి పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. చర్చికి ఉన్న అసలు పేరు 'ప్రభువు రూపాంతర చర్చి', అంటే క్రీస్తు రూపం దివ్యకాంతితో మారిన ఘట్టం పేరు మీద వెలిసినది.

ఫొటోలో మూడు కట్టడాలు కనిపిస్తున్నాయి. ఏది ఏది?

ఇరవై రెండు గుమ్మటాలతో మెట్లు మెట్లుగా పైకి లేచినది రూపాంతర చర్చి. 1714 నాటిది, ఎత్తు 37 మీటర్లు. తొమ్మిది గుమ్మటాలున్నది పొక్రోవ్ చర్చి, అంటే దేవమాత తన కొంగు కప్పి లోకాన్ని కాచిన పండుగ పేరు మీద వెలిసినది. 1694లో కట్టి, తర్వాత మార్పులు చేస్తూ పోతే 1764 నాటికి ఇప్పటి రూపం వచ్చింది. రెంటి మధ్య ఉన్నది గంటల గోపురం. 1862లో కట్టి, 1874లో మళ్ళీ సరిచేశారు. చుట్టూ ఉన్న దుంగల ప్రాకారం మాత్రం పాతది కాదు. ఆ ప్రాంతంలో మిగిలిన పాత ప్రాకారాలను చూసి 1959లో కట్టింది.

పక్కపక్కనే రెండు చర్చిలెందుకు? ఒకటి చాలదా?

చలి వల్ల. రూపాంతర చర్చిలో పొయ్యి లేదు. అది వేసవి చర్చి. మంచు కరిగాక పండుగలు, పెద్ద ప్రార్థనలు అందులో జరిగేవి. శరత్కాలం వచ్చాక జనం పొక్రోవ్ చర్చికి మారేవారు. దాన్ని వెచ్చబెట్టే ఏర్పాటు ఉంది. ఉత్తర రష్యా పల్లెల్లో ఈ జంట చర్చిల పద్ధతి మామూలే. కిజిలో విశేషం వేరే ఉంది. పొక్రోవ్ చర్చి మీద ఎనిమిది గుమ్మటాలు ఒక పెద్ద గుమ్మటం చుట్టూ ఒకే వరసలో కిరీటంలా నిలబడతాయి. పక్కనున్న పెద్ద చర్చితో పోటీ పడకుండా, దాని పాటకు వంత పాడుతున్నట్టుగా. తర్వాతి తరం వడ్రంగులు ఆ సంయమనం ఎలా పాటించారా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఒక చిన్న దీవిలో అంత చర్చి ఎవరికోసం?

దీవి కోసమే కాదు. ఇలాంటి చోటును రష్యన్లు 'పొగోస్త్' అనేవారు. ఇప్పటి భాషలో ఆ మాటకు శ్మశానం అనే అర్థం మిగిలింది గానీ, ఆ రోజుల్లో అది వందకు పైగా కుగ్రామాలకు కేంద్రం. పన్నుల లెక్క, పెళ్ళి, జ్ఞానస్నానం, చావు, తగవు అన్నీ అక్కడే. చుట్టుపక్కల దీవుల నుంచి, ఒడ్డు పల్లెల నుంచి జనం పడవల్లో వచ్చేవారు. అందుకే చర్చి దూరం నుంచే, నీటి మీద నుంచే కనబడాలి. దానికి ముందు వైపు, వెనక వైపు అని లేకుండా ఏ దిక్కు నుంచి చూసినా నిండుగా ఉండటానికి ఇదో కారణం.

కేరళలో ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉన్నారు కదా, వీళ్ళూ వాళ్ళూ ఒకటేనా?

కాదు. పేరు కలిసింది గానీ సంఘాలు వేరు. కేరళలోని మలంకర సంఘం ఓరియంటల్ ఆర్థడాక్స్ కుటుంబానికి చెందినది. రష్యా సంఘం బైజాంటియం (ఇప్పటి ఇస్తాంబుల్) నుంచి వచ్చిన తూర్పు ఆర్థడాక్స్ శాఖ. క్రీ.శ. 451లో జరిగిన కాల్సిడాన్ మహాసభ నిర్ణయాల మీద అభిప్రాయభేదం వచ్చి ఈ రెండు దారులూ విడిపోయాయి.

## కట్టిన కాలం

1714కి ముందు అక్కడ ఏముండేది?

కొయ్య చర్చిలే. 1563 నాటి జనాభా, పన్నుల పుస్తకంలో కిజి పొగోస్త్‌లో రెండు చర్చిలున్నట్టు రాసి ఉంది, అవే రెండు పేర్లతో. 17వ శతాబ్దం చివర్లో పిడుగు పడి అవి కాలిపోయాయి. వేడి ఉండే పొక్రోవ్ చర్చిని ముందు కట్టుకున్నారు; చలికాలం ఆగదు కదా. పెద్ద చర్చికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. 1714 జూన్ 6 అన్న తేదీ లోపలి ఒక సిలువ మీది రాత వల్ల తెలిసింది. ఆ సిలువ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పోయింది.

కట్టిన మేస్త్రి పేరు నెస్టర్ అని చదివాను. నిజమేనా?

అది జనం చెప్పుకునే కథ. చర్చి పూర్తయ్యాక నెస్టర్ అనే వడ్రంగి తన గొడ్డలిని సరస్సులోకి విసిరేసి, "ఇలాంటిది ఇంతకుముందు లేదు, ఇప్పుడు లేదు, ఇకముందు ఉండదు" అన్నాడట. పత్రాల్లో ఏ మేస్త్రి పేరూ దొరకలేదు. దుంగలు కొట్టి, తెప్పలు కట్టి నీటి మీద తెచ్చి, చెక్కి, ఎత్తి పేర్చడం ఒక మనిషి పని కాదు. ఉత్తర రష్యాలో వడ్రంగులు ముఠాగా పనిచేసేవారు. ఖర్చూ కష్టమూ పరగణా రైతులవి. కథ అందమైనదే, కాకపోతే అది పదుల మంది చేతుల పనిని ఒక్క చేతిలో పెట్టేస్తుంది.

పీటర్ చక్రవర్తి స్వయంగా గీసిచ్చిన నమూనా అంటారు?

దానికి ఆధారం లేదు. పీటర్ ఆ ప్రాంతానికి రాకపోకలు చేసిన మాట నిజం. ఒనెగా ఒడ్డున 1703లో ఆయన పెట్టించిన ఫిరంగుల కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరే ఇప్పటి పెత్రోజవోద్స్క్, ఆ పేరుకు అర్థమే 'పీటర్ కర్మాగారం'. అంత పెద్ద పేరు పక్కనే ఉంటే కథలు పుట్టక మానవు. చర్చి రూపం మాత్రం రాజధాని నుంచి వచ్చింది కాదు. దీనికి ఆరేళ్ళ ముందు, 1708లో, ఒనెగాకు దక్షిణాన వితెగ్రా పొగోస్త్‌లో పొక్రోవ్ పేరుతో ఇరవైకి పైగా గుమ్మటాలున్న కొయ్య చర్చి ఒకటి లేచింది. ఇదే పద్ధతి, ఇదే ఎత్తుగడ. కిజి వడ్రంగులు తమ పక్క పరగణా పని చూసి, దాన్ని మించి కట్టారు.

రాతితో ఎందుకు కట్టలేదు? డబ్బు లేకనా?

1714 అక్టోబరులో పీటర్ తన కొత్త రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్ కోసం మిగతా దేశమంతటా రాతి కట్టడాలను నిషేధించాడు, అందుకే కొయ్యతో కట్టారని కొందరు రాస్తారు. తేదీలు చూడండి: జూన్‌లో మొదలైన చర్చికి అక్టోబరు ఆజ్ఞ కారణం ఎలా అవుతుంది? అసలు సంగతి మామూలుది. అక్కడ అడవి ఉంది, గొడ్డలి పట్టడం ప్రతి ఇంట్లో వచ్చు, ఇల్లు, గిడ్డంగి, స్నానాల గది, పడవ అన్నీ కొయ్యే. వాళ్ళకు కొయ్య అంటే తక్కువరకం వస్తువు కాదు, తమకు బాగా వచ్చిన భాష.

## కట్టిన తీరు

ఒక్క మేకు కూడా లేదంటారు. నిజమా, కాదా?

సగం నిజం. గోడల దుంగలకు మేకులు లేవు. పై దుంగను కింది దుంగ మీద కూర్చోబెట్టడానికి పొడవునా గాడి తీస్తారు, మధ్యలో నాచు కూరుతారు. మూలల దగ్గర ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా నోరు కోస్తారు. దుంగల బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది. గుమ్మటాల మీది చిన్న చెక్క పెంకుల్ని మాత్రం మేకులతోనే కొట్టారు. ఒంపు తిరిగిన గుమ్మటం మీద పెంకు మరోలా నిలవదు. మేకులు కొట్టినంత మాత్రాన ఈ పని గొప్పదనం ఒక్క పిసరు కూడా తగ్గదు.

రంపం తెలియదా వాళ్ళకు? అంతా గొడ్డలితోనే చేశారట?

తెలుసు. కావాలనే గొడ్డలి వాడారు. రంపం చెక్క పీచుల్ని చీలుస్తూ పోతుంది. ఆ తెరిచిన నోళ్ళలోంచి తేమ లోపలికి దిగుతుంది. పదునైన గొడ్డలి పీచును నొక్కి మూసేస్తుంది, దెబ్బ పడ్డ చోటు నునుపుగా, నీరు పట్టకుండా ఉంటుంది. అందుకే దుంగ కొసల్ని గొడ్డలితోనే నరికేవారు. రష్యన్‌లో 'ఇల్లు కట్టడం' అనకుండా 'ఇల్లు నరకడం' అని పాతకాలంలో అన్నది ఇందుకే.

ఏ చెట్టు కొయ్య?

గోడలకు పైన్. దుంగలు సుమారు 30 సెంటీమీటర్ల మందం. కప్పు పలకలకు స్ప్రూస్. గుమ్మటాల పెంకులకు ఆస్పెన్. ఆస్పెన్ మెత్తగా ఉంటుంది, పచ్చిగా ఉన్నప్పుడు చక్కగా చెక్కుకోవచ్చు, తడిసి ఆరినా తొందరగా పగలదు. దేని గుణం దేనికి పనికొస్తుందో తెలిసి ఎంచుకున్నారు.

ఇరవై రెండు గుమ్మటాలు ఎలా వచ్చాయి? ఆ లెక్కకు అర్థముందా?

లెక్క నిర్మాణంలోంచే వచ్చింది. నడుమ ఎనిమిది పలకల పెద్ద గది. దానికి నాలుగు దిక్కులా నాలుగు పొడిగింపులు, ఒక్కో పొడిగింపూ రెండు మెట్లుగా ఎక్కుతుంది. ఒక్కో మెట్టుకు ఒక గుమ్మటం చొప్పున ఎనిమిది. పెద్ద అష్టకోణం ఎనిమిది ముఖాల మీద మరో ఎనిమిది. దాని పైన రెండో అష్టకోణం, అక్కడ నాలుగు. ఆ పైన మూడోది, మీద ఒకే ఒక పెద్ద గుమ్మటం. అంటే ఇరవై ఒకటి. తూర్పున బలిపీఠం గది మీద విడిగా ఉన్నది ఇరవై రెండోది. ఈ సంఖ్యకు గూఢార్థాలు చెప్పేవాళ్ళున్నారు, కట్టినవాళ్ళు మాత్రం అలాంటిదేమీ రాసి పెట్టలేదు.

ఇక్కడ గమనించాల్సింది సైజులు. గుమ్మటాలన్నీ ఒక్కలా ఉండవు, ఒక వరస పెద్దది, ఒక వరస చిన్నది. కంటికి అది క్రమంగా చిన్నదైపోతున్న కొండలా కాకుండా, ఊపిరి పీల్చి వదులుతున్న మంటలా అనిపించేది అందుకే.

గుమ్మటాలకు వెండి రేకు తొడిగారా? అలా మెరుస్తాయేం?

వెండి కాదు, ఆస్పెన్ చెక్క. సుమారు 30,000 పెంకులు, అన్నీ చేత్తో చెక్కినవే. ఒక్కో పెంకు కింది అంచు మెట్లు మెట్లుగా కోసి ఉంటుంది, చేప పొలుసులా ఒకదాని మీద ఒకటి పడుతుంది. రష్యన్లు దాన్ని 'లెమెఖ్' అంటారు. ఆ మాటకు అర్థం నాగటి కర్రు! ఆకారం చూస్తే మన రైతెవరైనా వెంటనే ఒప్పుకుంటాడు. కొత్తగా కొట్టినప్పుడు పెంకులు బంగారు రంగులో ఉంటాయి. కొన్నేళ్ళ ఎండావానలకు బూడిద రంగు తిరిగి, వెలుతురు పడ్డప్పుడు వెండిలా తోస్తాయి. మబ్బు రోజున సీసంలా, సాయంత్రం ఎర్రగా, తెల్లవారుజామున నీలంగా.

చెక్క మూడు వందల ఏళ్ళు ఎలా నిలిచింది? వాన, మంచు పాడుచేయవా?

నన్నడిగితే మొదటి ప్రశ్న ఇదే కావాలి. చెక్కకు శత్రువు వయసు కాదు, నిలిచిన నీరు. తడిసి ఆరిపోయే చెక్క ఏళ్ళ తరబడి బతుకుతుంది, తడిసి ఆరని చెక్క చూస్తుండగానే కుళ్ళుతుంది. కిజి చర్చిని పైనుంచి కిందికి చదివితే ప్రతి ఒంపూ నీటిని పంపించేయడానికి పెట్టిందేనని అర్థమవుతుంది.

ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటం మీద మంచు నిలవదు, జారిపోతుంది. గుమ్మటం కింద పీపాను అడ్డంగా పడుకోబెట్టి పై అంచు మొనదేల్చినట్టున్న కప్పు ఉంటుంది. దాన్ని 'పీపా' అనే పిలుస్తారు. గుమ్మటం నుంచి జారిన నీటిని అది రెండు పక్కలకు పంచుతుంది. గోడ పైభాగంలో దుంగల్ని కొద్దికొద్దిగా పొడవు పెంచుతూ పేరుస్తారు. గోడ మెడ చాచి బయటికి వంగినట్టవుతుంది, చూరు గోడకు దూరంగా జరుగుతుంది, చూరునీళ్ళు గోడ మీద పడవు. మెట్ల ఆకారం వల్ల పై అంతస్తు నీరు కింది అంతస్తు కప్పు మీద పడి, అక్కణ్ణుంచి ఇంకా బయటికి వెళుతుంది.

ఇంతా చేసినా పెంకుల సందుల్లోంచి కొంత నీరు దిగుతుందని వాళ్ళకు తెలుసు. అందుకని పైకప్పు కింద పలకలతో ఇంకో కప్పు వేసి, లోపలికి దిగిన నీటిని కాలవలతో బయటికి తోలే ఏర్పాటు చేశారు. బయటివాళ్ళెవరికీ కనబడని పని ఇది. నేల మీంచి చూసి అబ్బురపడే అందం, కప్పు లోపల దాగిన ఈ జాగ్రత్త రెండూ ఒకే చేతివి.

## లోపల

లోపలికి వెళితే 37 మీటర్ల ఎత్తూ కనిపిస్తుందా?

కనిపించదు. చాలామంది నిరాశపడేది ఇక్కడే. తల పైన ఒక లోకప్పు ఉంటుంది. దాన్ని 'ఆకాశం' అంటారు. నడుమ గుండ్రటి భాగం నుంచి సూర్యకిరణాల్లా దూలాలు పరుచుకుంటాయి, వాటి మధ్య ముక్కల్లో దేవదూతల బొమ్మలు అమర్చేవారు. దాని పైన ఉన్నదంతా గుమ్మటాల్ని మోసే అస్థిపంజరం. లోపలి గది మనిషి కొలతకు, బయటి రూపం సరస్సు కొలతకు. ఈ చర్చి అసలు 'ఆకాశం' చిత్రాలు యుద్ధకాలంలో పోయాయి.

బొమ్మల గోడ ఒకటి ఉంటుందట. అదేమిటి?

ఐకనోస్తాసిస్. భక్తులు నిలబడే చోటుకు, బలిపీఠం ఉన్న చోటుకు మధ్య అడ్డుగా నిలబెట్టిన పవిత్ర చిత్రాల గోడ. గర్భగుడికి మంటపానికి మధ్య గడప లాంటిదనుకోండి. దాని ద్వారం దాటేది అర్చకులే. కిజిలో అది నాలుగు వరసలు, 102 చిత్రాలు, బంగారు పూత పూసిన చెక్కడపు చట్రం. చిత్రాలు ఎక్కువగా 17, 18 శతాబ్దాలవి. వాటిలో కొన్ని ఆ ప్రాంతపు చిత్రకారుల పని: రాజధాని నాజూకు లేదు, ముఖాల్లో పల్లె సూటిదనం ఉంది, ఎరుపు, పసుపు రంగులు నిబ్బరంగా ఉంటాయి.

కూర్చోవడానికి బెంచీలు కనబడవేం?

రష్యన్ ఆర్థడాక్స్ చర్చిలో ప్రార్థనంతా నిలబడే చేస్తారు. గోడ వారన ముసలివాళ్ళకూ జబ్బుపడ్డవాళ్ళకూ బల్లలుంటాయి. వాద్యాలు కూడా ఉండవు, గొంతు ఒక్కటే. పడమటి వైపున్న భోజనశాల లాంటి గదిలో మాత్రం జనం కూర్చునేవారు. దూరం నుంచి పడవల్లో వచ్చినవాళ్ళు అక్కడ అలుపు తీర్చుకునేవారు, ఊరి సభలూ అక్కడే జరిగేవి.

## కష్టాలు చూసిన కాలం

చర్చి ముందు రైతుల మీద ఫిరంగులు పేల్చారట, ఎందుకు?

1769 నుంచి 1771 దాకా జరిగిన కిజి తిరుగుబాటు అది. ఇక్కడి రైతుల్ని ప్రభుత్వం ఇనుప కర్మాగారాలకు కట్టేసింది. కట్టెలు కొట్టాలి, బొగ్గు కాల్చాలి, ముడిఖనిజం మోయాలి, పైగా పన్ను కట్టాలి. లిజ్మాలో కొత్త కర్మాగారానికీ, తివ్దియా చలువరాతి గనులకూ కూడా రమ్మనేసరికి వాళ్ళు ఎదురుతిరిగారు. చర్చి దగ్గరే సభలు పెట్టుకున్నారు. రష్యా మహారాణి రెండవ కేథరిన్ పంపిన సైన్యం 1771 వేసవిలో వచ్చి, పొగోస్త్ దగ్గర గుమిగూడిన జనం మీద ఫిరంగులు పేల్చింది. నాయకులు క్లిమెంత్ సొబొలెవ్, అంద్రేయ్ సాల్నికొవ్, సెమ్యోన్ కొస్తిన్‌లను కొరడాలతో కొట్టించి సైబీరియాలోని నెర్చిన్‌స్క్ గనులకు పంపారు. చర్చి అందం గురించి రాసేవాళ్ళు ఈ సంగతి వదిలేయకూడదని నా పట్టుదల. ఆ దుంగలెత్తిన రైతుల మనవల ఒంటి మీదే ఆ కొరడా దెబ్బలు పడ్డాయి.

సోవియట్ కాలంలో చర్చిలు కూల్చారు కదా, ఇది ఎలా మిగిలింది?

పాత కట్టడంగా రక్షణ జాబితాలోకి ముందే ఎక్కింది, 1920లోనే. 1930లలో ప్రార్థనలు ఆగిపోయాయి. చర్చి ఖాళీగా నిలబడిపోయింది. 1941 నుంచి 1944 దాకా ఆ ప్రాంతం ఫిన్లాండ్ సైన్యం చేతిలో ఉంది. ఆ సమయంలో ఫిన్నిష్ కళాచరిత్రకారుడు లార్స్ పెటర్సన్ అక్కడి కొయ్య చర్చిలనూ ప్రార్థనా మందిరాలనూ కొలిచి, గీసి పెట్టాడు. తర్వాత శిథిలమైపోయిన చాలావాటి గురించి మనకు మిగిలిన వివరం ఆ కొలతల్లో ఉంది. 1966లో ద్వీపం మ్యూజియం అయింది. 1990లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సోవియట్ యూనియన్ నుంచి ఆ జాబితాకెక్కిన మొట్టమొదటి వాటిలో ఇదొకటి.

కిజికీ పాత వీరగాథలకూ సంబంధం ఉందని విన్నాను?

ఉంది, గట్టి సంబంధమే. 'బిలీనా' అనే వీరగాథలు మిగతా రష్యాలో మరుగున పడుతున్న రోజుల్లో ఈ సరస్సు పల్లెల్లో ఇంకా బతికున్నాయి. జానపద గాథలు సేకరించే రిబ్నికొవ్ 1860లో, గిల్ఫెర్డింగ్ 1871లో వచ్చి వాటిని రాసుకున్నారు. కిజి దగ్గరి సెరెద్కా పల్లె రైతు త్రొఫీమ్ ర్యాబినిన్ పాడితే స్వరకర్త ముసోర్గ్‌స్కీ ఆ బాణీలు రాసుకున్నాడు. చదువు రాని ఆ రైతు వేల పంక్తులు నోటికి పాడేవాడు. మన పల్లెల్లో కథలు చెప్పేవాళ్ళను విన్నవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. విశాలాంధ్ర పుస్తకాల బండి దగ్గర మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు కొనుక్కుని పెరిగిన తరానికి ఆ వీరుల పేర్లు ఇంకా గుర్తుంటాయి.

## మరమ్మతుల సంగతి

పాత ఫొటోల్లో గోడలు పలకలు తొడిగినట్టు నున్నగా ఉన్నాయి, ఇప్పుడు దుంగలు కనిపిస్తున్నాయి. ఏది అసలుది?

రెండూ చర్చి చరిత్రలోవే. 19వ శతాబ్దంలో గోడలకు పలకలు తొడిగారు, గుమ్మటాలకు ఇనుప రేకు వేశారు. అప్పటి అభిరుచికి రాతి కట్టడంలా కనబడాలని ఒక కోరిక, వాన నుంచి కాపాడాలని ఇంకొకటి. 1949 నుంచి 1959 దాకా జరిగిన పనిలో వాస్తుశిల్పి అలెగ్జాండర్ ఒపొలోవ్నికొవ్ ఆ పలకలూ రేకులూ తీసేసి మళ్ళీ ఆస్పెన్ పెంకులు వేయించారు. మనమిప్పుడు మెచ్చుకునే రూపాన్ని తిరిగి తెచ్చింది ఆయనే. పలకలు తీసేయడంతో పాత దుంగలకు రక్షణ పోయి, తడి పెరిగిందని వాదించే నిపుణులూ ఉన్నారు. ఆ వాదనలో బలముంది. అయినా ఆ చర్చి ఆకారం మళ్ళీ కంటికి కనబడిందంటే అది ఆ పని వల్లే, అందుకు నేను ఒపొలోవ్నికొవ్‌కు రుణపడి ఉన్నాననే అనుకుంటాను.

నలభై ఏళ్ళు లోపలికి ఎవర్నీ వెళ్ళనివ్వలేదట. ఏం జరిగింది?

గోడలు ఒరిగాయి, కింది దుంగలు కుళ్ళాయి. కూలిపోతుందన్న భయంతో 1980ల మొదట్లో ఐకనోస్తాసిస్ విప్పి భద్రపరిచి, లోపల ఉక్కు చట్రం నిలబెట్టారు. చర్చి దాని మీద ఆనుకుని నిలబడింది. చట్రం కూలకుండా ఆపింది గానీ జబ్బు నయం చేయలేదు. ఏం చేయాలన్న చర్చ సంవత్సరాల తరబడి సాగింది. మొత్తం విప్పి మళ్ళీ కడదామన్నారు కొందరు. విప్పితే తిరిగి అదే చర్చి రాదన్నారు ఇంకొందరు.

చర్చిని గాల్లోకి ఎత్తి బాగుచేశారన్నది నిజమేనా?

నిజమే. గోడల్ని అడ్డంగా ఏడు భాగాలుగా లెక్కగట్టారు. పై భాగాల బరువును జాకీల సాయంతో ఉక్కు చట్రం మీదికి ఎక్కించి, కింది భాగాన్ని మాత్రం విప్పి బయటికి తీశారు. ద్వీపంలోనే పెట్టిన పనిశాలలో ఒక్కో దుంగనూ పరీక్షించారు. కుళ్ళిన ముక్క వరకే కోసి, అదే జాతి కొయ్యతో అతుకు వేశారు. అతుకుకు లొంగని దుంగ స్థానంలోనే కొత్తది పెట్టారు. కింది భాగం చేరాక దాని పైది. పైన గుమ్మటాలు అలాగే ఉండగా మధ్యలో గాలి కనబడే రోజులు ఉన్నాయి! 2009లో మొదలైన ఈ పని 2020లో ముగిసింది. ఐకనోస్తాసిస్ మళ్ళీ తన చోటికి చేరింది, తలుపులు తెరుచుకున్నాయి.

అన్ని దుంగలు మార్చాక అది పాత చర్చి ఎలా అవుతుంది?

కొయ్య కట్టడం మొదటి రోజు నుంచీ మార్చుకుంటూ బతికేదే. పెంకులు కొన్ని దశాబ్దాలకోసారి మార్చాల్సిందే. కట్టినవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. రాతి కట్టడానికి పెట్టే కొలత దీనికి పెట్టకూడదు. ఇక్కడ చూడాల్సింది వేరు: మిగల్చగలిగిన ప్రతి దుంగనూ మిగిల్చారా, కొత్త ముక్కను పాత పద్ధతిలోనే గొడ్డలితో చెక్కారా, పాత వడ్రంగం నేర్చుకున్న చేతులు తయారయ్యాయా. ఈ మూడూ కిజిలో జరిగాయి. ఆ పనితో ద్వీపంలో గొడ్డలి పట్టే కొత్త తరం ఒకటి నిలబడింది.

నిప్పు భయం లేదా?

అన్నిటికంటే పెద్ద భయం అదే. కిజికి అక్కలాంటి వితెగ్రా చర్చి 1963లో కాలిపోయింది. దాని నమూనాను 2008లో సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర మళ్ళీ కట్టారు. అదే ఒనెగా ఒడ్డున కొందపొగాలో 1774 నాటి కొయ్య చర్చి, 42 మీటర్ల ఎత్తుది, 2018 ఆగస్టు 10న ఎవరో అంటించిన నిప్పుకు గంటల్లో బూడిదైంది. ఆ ఫొటోలు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. కిజిలో అగ్నిమాపక ఏర్పాట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, పొగ తాగడం మీద గట్టి నిషేధం ఉంది. వెళ్ళినవాళ్ళు దాన్ని మర్యాద కోసం కాదు, మనసుతో పాటించాలి.

## వెళ్ళాలనుకునేవారికి

ఎలా వెళ్ళాలి? ఏ నెల మంచిది?

సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచో మాస్కో నుంచో రైల్లో పెత్రోజవోద్స్క్ చేరాలి. అక్కణ్ణుంచి వేసవిలో నీటి మీద లేచి పరుగెత్తే హైడ్రోఫాయిల్ పడవలు గంటంబావులో ద్వీపానికి చేరుస్తాయి. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా వీలు. జూన్‌లో రాత్రి పదకొండుకు కూడా వెలుతురు ఉంటుంది. దోమలు కూడా ఉంటాయి. ద్వీపంలో విషప్పాములున్నాయి కాబట్టి గడ్డిలోకి దిగకుండా వేసిన బాట మీదే నడవండి.

చెప్పులు విప్పాలా? ఆడవాళ్ళు తల కప్పుకోవాలా?

చెప్పులు విప్పక్కర్లేదు, అక్కడ ఆ ఆచారం లేదు. ఆడవాళ్ళు తల మీద గుడ్డ కప్పుకోవడం, మగవాళ్ళు టోపీ తీసేయడం పద్ధతి. మన చున్నీ చాలు. నిక్కర్లతో వెళ్ళకండి.

చర్చి చూసి తిరిగొచ్చేయడమేనా, ఇంకేమైనా ఉందా?

తొందరపడి వెనక్కి రాకండి. అదే ద్వీపంలో మూరొమ్ మఠం నుంచి తెచ్చి నిలబెట్టిన చిన్న లాజరు చర్చి ఉంది. 14వ శతాబ్దం చివరిదని, రష్యాలో మిగిలిన కొయ్య చర్చిలన్నిటిలో పాతదని చెబుతారు. మూడు చిన్న గదులు, ఒక్క చిన్న గుమ్మటం, అంతే. వంగి లోపలికి వెళ్ళాల్సినంత చిన్నది. 1876 నాటి ఒషెవ్నెవ్ రైతు ఇల్లు కూడా చూడండి. మనుషులూ పశువులూ ధాన్యమూ పడవల పనీ ఒకే కప్పు కింద ఉన్న పెద్ద కొయ్య ఇల్లు. ఈ రెండూ చూసి మళ్ళీ పెద్ద చర్చి దగ్గరికి వెళితే, అందులో ఉన్న దుంగ, గాడి, చూరు అన్నీ ఆ చిన్న చర్చిలో, ఆ రైతు ఇంట్లో చూసినవేనని మీకే తెలుస్తుంది.

చర్చి పండుగ ఎప్పుడు?

ఆగస్టు 19, రూపాంతర పండుగ. రష్యన్ పల్లెల్లో దాన్ని 'ఆపిల్ పండుగ' అని కూడా అంటారు. ఆ ఏడాది తొలికాపు పళ్ళు బుట్టల్లో చర్చికి తెచ్చి దీవెన పొందాకే ఇంటిల్లిపాదీ కొరుకుతారు.